పాటకు పంక్తిభేదమా?

“సంగీతము మంచిదే, సంగీతప్రియుల సహవాసమే చెడ్డది.” విజయవాడలో చదువుకొన్నవారి యిండ్లలో ఈ మాట యిప్పుడొక సూక్తివలె చెల్లుచున్నది. దీనిని మేము ఒకచోట గాదు, నాలుగైదు చోట్ల వింటిమి. పలికినవారు పామరులు గారు. ఒకరు న్యాయవాది, ఒకరు వైద్యులు, ఒకరు మావలెనే ఉపాధ్యాయులు. కట్నము లేని వివాహములకు పెద్దలై కూర్చుండినవారు. కులమడుగక అతిథికి అన్నము పెట్టు గృహస్థులు. ఇట్టి పత్రికలను తెప్పించుకొని చదువువారు. అట్టివారి నోట వెలువడినది కావుననే దీనిని ఊరక విడువరాదని తలంచితిమి.

వారి కోపమునకు కారణము ఆటోనగరు. దూరపు చదువరులకై ఒక్కమాట. మా పట్టణమునకు తూర్పున, పటమట ప్రక్కను, లారీలకు బాడీలు కట్టువారును, ఇంజనులు విప్పి బిగించు మెకానిక్కులును, లేతు పనివారును, వెల్డింగు, టింకరింగు చేయువారును, రంగులు వేయువారును, పాతసామాను అమ్మువారును గుమిగూడి పనిచేయు చోటది. సుత్తి చప్పుడు లేని క్షణముండదు. ఆ లారీలకును కార్లకును పాటల పెట్టెలు, స్పీకర్లు బిగించు దుకాణములు కూడ అందు కలవు. తీగెలు కలిపిన పిదప పని కుదిరినదో లేదో తెలియుటకు ఒక పాట పెట్టి చూడవలెను గదా! ఆ పరీక్షకై పెట్టిన పాటలే ఇరుగుపొరుగు దుకాణములవారిని ఒకచోట చేర్చినవి.

అట్టి యొక దుకాణమున, ఆదివారము సాయంకాలము, పది పండ్రెండుగురు కూడి పాటలు విందురు. ఆ కూటమికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, చందా లేదు. నియమములు మాత్రము కలవు. అవి మన సభల నియమములకంటె గట్టివి. వారమునకొకరి వంతు. వంతు వచ్చినవాడు తనకు మిక్కిలి యిష్టమైన ఆల్బము నొకదానిని తేవలెను, విడిపాట పనికిరాదు. మొదటినుండి తుదివరకు ఎవ్వరును మాటలాడక వినవలెను. పిమ్మట అది తనకేల యిష్టమో తెచ్చినవాడు చెప్పవలెను. “బాగుంది” అన్న మాట చెల్లదు. నచ్చనివాడు ఏల నచ్చలేదో చెప్పవలెను. “బాగులేదు” అన్న మాటయు చెల్లదు. అచటికి మెకానిక్కులు వత్తురు, ఒక బ్యాంకు గుమాస్తా వచ్చును, ఇంజనీరింగు చదువు పిల్లలు కొందరు వత్తురు, పనికి బండి వదలిన లారీ డ్రైవరు ఒక్కొకప్పుడు వచ్చి గుమ్మమువద్ద కూర్చుండును. మా పూర్వశిష్యుడొకడు పిలువగా మేమును పోయితిమి. పిమ్మట పిలువకున్నను పోవుచున్నాము.

అచట జరిగినదానిలో ఒకటి చెప్పెదము. లేతు మరమీద పనిచేయు యువకుడొకడు, పింక్ ఫ్లాయిడ్ అను ఆంగ్లేయ బృందమువారు 1973లో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అను ఆల్బమును తెచ్చెను. అది గుండెచప్పుడుతో మొదలై గుండెచప్పుడుతో ముగియును. అతడు పదవ తరగతితో చదువు చాలించినవాడు. అతని వంతు వచ్చినప్పుడు అతడు చెప్పిన మాటలివి: “మాస్టారూ, మాటలు నాకు తెలీవండి. ఆ ‘మనీ’ అనే పాటలో గల్లాపెట్టె చప్పుడుందే, అది మా లేతు తిరిగినట్టే తిరుగుద్ది. కానీ నాలుక్కి పడదు. ఎక్కడో తేడా కొడతా ఉంటది. వేళ్ళమీద లెక్కేశా. ఏడండి.” మృదంగము నేర్చిన ఇంజనీరింగు విద్యార్థి యొకడు నమ్మక మరల పెట్టించి తొడమీద తాళము వేసి చూచెను. ఏడే. మూడును నాలుగును కలిసిన మన మిశ్రచాపు లెక్కకు అది సరిగా వచ్చినది. అంతటితో ఆ లేతు పనివాడు ఊరకుండక, “గిటారొక్కటే వాయించే చోట మళ్ళీ నాలుక్కొచ్చేశాడు చూడండి, అక్కడికి మనకి ఊపిరాడుద్ది” అనెను. అదియు నిజమే. నాణెముల గలగలను, గల్లాపెట్టె మోతను టేపుముక్కలుగా కోసి అతికి ఆ ఏడింటి ఆవృత్తమును కట్టిరని పుస్తకములు చదివినవారమగుటచే మేము చెప్పితిమి. పదముల కర్థమును చెప్పితిమి. కాని పుస్తకము లేక, భాష రాక, చెవి యొక్కటి పెట్టుకొని ఆ ఏడింటిని పట్టినవాడు అతడు. ఆ సాయంకాలము అచట గురువెవ్వడో శిష్యుడెవ్వడో నిర్ణయించుట కష్టము.

ఇదియా చెడుసహవాసము?

ఆల్బమని పదేపదే యనుచున్నాము గనుక ఆ మాట సంగతి కొంత చెప్పవలసియున్నది. చిత్రములు అంటించుకొను పుస్తకమునకు ఆ పేరు. పూర్వము నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కరికార్డులు ఒక్కొక వైపున ఇంచుమించు మూడు నిమిషములు మాత్రమే పాడెడివి. దీర్ఘరచనను వినగోరువారు నాలుగైదు రికార్డులు కొని, కాగితపు సంచులు కుట్టిన అట్టపుస్తకములో వరుసగా దాచుకొనెడివారు. ఆ పుస్తకమే ఆల్బము. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33 చుట్లు తిరుగు పెద్దరికార్డును తెచ్చిరి. ఒక్కొక వైపున ఇరువది నిమిషములకు పైగా పాడునది. పుస్తకము పోయినది, పేరు నిలిచినది. గాయకులు ఆ నలువది నిమిషములను ఒక్క రచనగా కట్టుట నేర్చిరి. మన సాహిత్యములో చెప్పవలెనన్న, విడిపాట చాటుపద్యము, ఆల్బము ప్రబంధము. చాటువు ఎంత చక్కనిదైనను ఒక్క చాటువు వినిపించి కవిని చదివితినని యెవ్వడును చెప్పుకొనడు. పాటల విషయమున మాత్రము మనము చాటువులతోనే తృప్తిపడుచున్నాము.

ఒక మాట చెప్పిన నొచ్చుకొనరాదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974లో కీర్తిశేషులగుటకు ముందు పాడియుంచిన భగవద్గీత మన డెల్టాలో ఏ యూరనైనను దొరకును. దానిని మొదటినుండి తుదివరకు కూర్చుండి వినినవారెందరు? ఊరిలో మైకునుండి అది వినబడినంతనే “ఎవరు పోయిరి?” అని యడుగుట మనకు వాడుకయైనది. బ్రతికియున్నవారికై పాడినదానిని పోయినవారికి వదలితిమి. ఇది పరాయిదేశపు పాప్ సంగీతము వలన వచ్చిన చేటు గాదు గదా.

ఇక “పంచుకొనుట” యను మాట. ఈ దినములలో వాట్సాపున నొక లంకెను నూరుమందికి ఒక్క వ్రేలితో పంపి, పాటను పంచుకొంటిమందురు. పంపినవాడు సగము వినియుండడు, అందుకొన్నవాడు మొదలే వినడు. ఇరువురును చిటికెనవ్రేలంత పసుపుపచ్చని నవ్వుబొమ్మ నొకదానిని ఇచ్చిపుచ్చుకొందురు. దీనిని పంచుకొనుట యన్నచో పెండ్లి శుభలేఖను పంచుటయే విందు పెట్టుట యగును. క్యాసెట్టుల కాలమున ఇంత చులకన లేదు. ఫిలిప్స్ కంపెనీవారు 1963లో తెచ్చిన ఆ చిన్నపెట్టె మన యూళ్ళలో 1980ల నుండి చౌకయై వ్యాపించినప్పుడు, మిత్రునికై ఖాళీ క్యాసెట్టులో పాటలెక్కించువాడు ముందేది, వెనుక ఏది యని రాత్రియంతయు ఆలోచించెడివాడు. అట్టమీద తనచేతివ్రాతతో పేర్లు వ్రాసెడివాడు. ఆ పిమ్మట మెమరీకార్డులు వచ్చినవి. సెల్‌ఫోను దుకాణములవారు రూపాయిలు పుచ్చుకొని వందలకొలది పాటలు నింపి యిచ్చిరి. ఆ నింపుటలో గాయకునికి దమ్మిడీ పోలేదని మే మెరుగుదుము, దానిని మెచ్చుకొనము. ఆటోనగరు కూటమివారు ఆల్బమును ఒకరు డబ్బిచ్చి కొనవలెను, పదుగురు కలిసి వినవలెను అను కట్టుబాటు పెట్టుకొనిరి. న్యాయవాదిగారు ఈ వాక్యమును గమనింతురుగాక.

ఇప్పుడు ప్రతిపక్షమునకు వత్తము. వారి మొదటి వాదము: పాప్, రాక్ సంగీతములు పరదేశములవి; మన పిల్లల సంస్కారము చెడును.

పరదేశపుదగుటయే దోషమైనచో మన కచేరీలలో ఫిడేలును ముందుగా విరుగగొట్టవలెను. అది ఐరోపానుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు దానిని దొరలయొద్ద నేర్చి మన సంగీతమునకు తెచ్చెను. నూరేండ్లు దాటిన పిమ్మట విజయనగరమున ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయించునాటికి దానిని పరాయిదనువాడే లేకపోయెను. ముత్తుస్వామి దీక్షితులంతటివారు పాశ్చాత్యుల మెట్లకు సంస్కృతసాహిత్యము కట్టిరి. ఆంగ్లేయుల రాజగీతపు మెట్టుమీద శ్యామలాదేవిని స్తుతించిరి. దొరల బ్యాండు విని ఆయన చెవులు మూసికొన్నవాడు కాడు. వినెను, నచ్చినదానిని తీసికొనెను, తనదానిని చేసికొనెను. మన న్యాయవాదిగారు ఆయనకంటె శ్రోత్రియులా?

నిషేధముల చరిత్ర మనకు క్రొత్తది గాదు. 1940లో ఆకాశవాణివారు హార్మోనియమును పరాయి వాద్యమని, మన గమకములకు పనికిరాదని నిషేధించిరి. మూడు దశాబ్దములు అది రేడియోలో నోరెత్తలేదు. ఆ కాలముననే తెలుగునాట నాటకమాడు ప్రతి పందిటిలోను పద్యమునకు ఊపిరిపోసినది హార్మోనియమే. 1952లో కేస్కరుగారు సమాచారశాఖ మంత్రియై సినిమాపాటలను ఆకాశవాణినుండి తరిమివేసిరి. జనులు శాస్త్రీయసంగీతము వినిరా? లేదు, ముల్లును సిలోనువైపు త్రిప్పిరి. అయిదేండ్లకు, 1957లో, ప్రభుత్వమువారే వివిధభారతి పేర ఆ పాటలను మరల ఇంటికి పిలుచుకొనవలసివచ్చెను. రష్యాలో స్టాలిను కాలమున నిషిద్ధమైన పాశ్చాత్యసంగీతమును లెనిన్‌గ్రాడు యువకులు ఆసుపత్రులు పారవేసిన ఎక్స్‌రే ఫిల్ములమీద గీసి చేతులు మార్చుకొనిరి. ప్రక్కటెముకల బొమ్మమీద జాజ్ పాట! ఒక సర్కారు సేనలతో ఆపలేనిదానిని సత్యనారాయణపురములో ఒక తండ్రి వైఫై తీసివేసి ఆపగలనని తలంచుచున్నాడు.

పరాయిది, మనది అను ఈ తగవునకు మన డెల్టాయే సమాధానము చెప్పియున్నది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేతికి తీసికొన్నది మాండొలిన్. ఇటలీ దేశపు వాద్యము. పైగా విద్యుత్తుతో మ్రోగునది. అతడు తొమ్మిదేండ్ల బాలుడై 1978లో మన గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున మొదటి కచేరి చేసెను. కరెంటుతీగె కట్టిన బొమ్మవంటి వాద్యముమీద త్యాగరాజకృతియా యని ఆనాడు నొసలు ముడిచినవారు లేకపోలేదు. ఆ కుఱ్ఱవానినే పిమ్మట లోకమంతయు పిలిచినది. 1995లో మైకేల్ బ్రూక్ అను గిటారు విద్వాంసునితో కలిసి ‘డ్రీమ్’ అను ఆల్బము చేసెను. జాన్ మెక్‌లాఫ్లిన్ బృందములో వాయించెను. 2014లో నలువదియైదేండ్లకే పోయెను. ఆ ‘డ్రీమ్’ ఎట్టిది? కచేరి కాదు, రాక్ కాదు; రాగము ఒక పొగమంచులో నడచినట్లుండును. పాలకొల్లు పిల్లవాని చేతిలో మాండొలిన్ మనది కాగా, ఆటోనగరు పిల్లవాని చెవిలో గిటారు మనది కాకుండుటకు హేతువేమి?

ఈ మాటకు వైద్యులుగారు మా యెదుట తల యూపిరి. పరదేశపువాదమును వదలుకొనిరి. అప్పుడు గాని అసలు మాట బయటపడలేదు. “మావాడు పాప్ వినుటకు మాకేమియు అభ్యంతరము లేదండి. మంచి స్పీకర్లు నేనే కొనియిచ్చితిని. ఇంట వినవచ్చును గదా. ఆ గ్రీజుచేతులవారి నడుమ కూర్చుండి వినవలెనా?”

ఇదియే మేము పంక్తిభేదమనుచున్నది. మన తాతల తరమువారు సహపంక్తి భోజనములకై తిట్లు తినిరి, వెలిబడిరి. నేడు హోటలులో ఎవ్వని ప్రక్కన ఎవ్వడు భుజించుచున్నాడో అడుగువాడు లేడు. కాని తినుటలో పోయిన పంక్తిభేదము వినుటలో దాగి కూర్చున్నది. ఒకప్పుడు సన్నాయి వాయించువానిని పెండ్లిపందిటికి పిలిచి, వాని నాదమును గర్భగుడిదాక పోనిచ్చి, వానిని మాత్రము ఎడముగా కూర్చుండబెట్టితిమి. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహేబుగారి నాదస్వరమును దేవాలయములలో విని తరించినవారమే, ఆయన సాటివారిని మన యింటి అరుగుమీద కూర్చుండబెట్టుకొని “మీకు ఏ కీర్తన యిష్టము?” అని యెన్నడైన అడిగితిమా? వాయించువాడు ఎవ్వడైనను సరే, మనతో కూర్చుండి వినువాడు మాత్రము మనవాడు కావలెను. వాయించుట సేవ, వినుట సాంగత్యము. సేవ నెవ్వరిచేతనైనను పుచ్చుకొందుము. సాంగత్యమునకే మనకు లెక్కలున్నవి.

ఇష్టమును చెప్పుకొనుట చిన్నపని గాదు. “నాకిది ప్రాణము, నీకు నచ్చునేమో వినుము” అన్నవాడు తన్ను తాను ఎదుటివాని తీర్పునకు ఒప్పగించుచున్నాడు. ఎదుటివాడు విని, “ఇది నాకు పట్టలేదు, ఏలయన…” అన్నచో అతడును తన మనస్సు విప్పుచున్నాడు. ఇచట డిగ్రీలు పనిచేయవు. చెవియు, మాటయు తప్ప వేరు పరికరములు లేవు. కావుననే ఈ సాంగత్యము సమానత్వమును ఉపన్యాసము లేకయే నేర్పును; కావుననే అది మన యిండ్లవారికి భయము గొల్పుచున్నది. గ్రీజు భయము గాదది. తమ కుమారునికంటె లేతు పనివాడు బాగుగ విన్నాడని తేలునేమో యను భయము.

చెవిలో పూసలు పెట్టుకొని యొంటరిగా వినుటయే నాగరికమను వాదమొకటి యున్నది. నాలుగు గదులలో నలుగురు, ఎనిమిది చెవులకు ఎనిమిది పూసలు, భోజనమునకు పిలిచిన పలుకువారు లేరు. దానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మీ యింట మీరే చూచుచున్నారు.

మేము రాక్, పాప్ పాటలన్నియు పరమపవిత్రములని చెప్పబోము. స్త్రీని వస్తువుగా చేసి పాడునవి, మత్తును పొగడునవి, కేకలతో శూన్యమును కప్పిపుచ్చునవి అందు మెండు. మన సినిమాపాటలలో తక్కువయా? అది వేరుమాట. ఒక వారము కళాశాల పిల్లవాడొకడు మిక్కిలి పేరుగన్న యొక ఆల్బమును తెచ్చెను. తుదిదాక విన్నారు. పిమ్మట ముసలి పెయింటరు ఒకాయన, “మాటలకి అర్థం చెప్పు నాయనా” అనెను. పిల్లవాడు చెప్పుచు చెప్పుచు నడుమ ఆగిపోయెను. ఆ మాటలు తన నోటితో తెలుగున పదిమందియెదుట చెప్పుటకు వానికి నోరు రాలేదు. ఎవ్వరును మందలింపలేదు. పై వంతునాటికి వాడు వేరొకటి తెచ్చెను. ఆ పాటలనే వాడు తన గదిలో చెవిపూసలతో వేయిసార్లు వినియున్నాడు, అడిగినవాడు లేడు. ఇంతకంటె మంచి సెన్సారు ఏ ప్రభుత్వమువద్ద నున్నది?

ఈ వాదములన్నిటికిని వెనుక, పలుకకయే దాచిన విషయమొకటి యున్నది. ఆడపిల్లలు. ఆ కూటమిలో ఒక్క స్త్రీయైనను లేదు. పెయింటరుగారు తమ కోడలికి తమకంటె పాటలు తెలియునని చెప్పిరి గాని ఆమెను తీసికొనిరాలేదు. ఈ తప్పు ఆటోనగరు వారిదియు, మనదియు.

సంస్కర్తల యిండ్లవారికి ఇచట కొంత కఠినముగా చెప్పవలసియున్నది. ఈ కృష్ణామండలముననే మొవ్వలో క్షేత్రయ్య పుట్టెను. స్త్రీ హృదయమును స్త్రీ కంఠమున పలికించిన పదములు ఆయనవి. మూడువందల యేండ్లు వానిని కాపాడినవారు కలావంతులు. వారిని పీడించిన దురాచారముమీద మన పెద్దలు యుద్ధము చేసిరి; చేయవలసినదే. 1947లో చెన్నరాజధానిలో శాసనము కూడ వచ్చెను. కాని దురాచారముతోబాటు పాటను కూడ వాకిట పారవైచి, గృహిణికి దానిని చేతికియ్యక పోయిరి. పిమ్మట మన యింటి యాడపిల్లకు సంగీతము వచ్చినదన్న మాట నిజమే. ఎట్టి సంగీతము? పెండ్లిచూపులలో అడిగినప్పుడు ఒక కీర్తన, నవరాత్రులలో ఒక కీర్తన. పాడుమన్నప్పుడు పాడవలెను, ఏది యిష్టమో, ఏల యిష్టమో చెప్పుమన్నవాడు లేడు. మా విజయవాడలో పెరిగిన స్మిత 2000లో ‘హాయ్ రబ్బా’ అను పాప్ ఆల్బము వెలువరించినప్పుడు, ఆ పాటల బాగోగులు చర్చించినవారికంటె ఆడపిల్లకు ఈ పని యేల యన్నవారి మాటలే మా చెవినిబడినవి. పాడిన పిల్లకే ఇట్లున్నచో విని మెచ్చు పిల్ల గతి వేరుగా చెప్పవలెనా?

మాయొద్ద చదివిన బాలిక యొకతె యున్నది. వీణలో డిప్లొమా పుచ్చుకొన్నది. ఆమె తన యన్నద్వారా ‘డ్రీమ్’ ఆల్బమును, దానితో నాలుగుపుటల చీటిని ఆ కూటమికి పంపినది. ఏ నిమిషమున మాండొలిన్ గమకము గిటారు పొగలో కలిసిపోవునో, మరల ఎచట తేలునో వ్రాసి, “ఇచ్చట నాకు వీణమీద నా చేయి ఎందుకు ఆగిపోవునో తెలిసినది” అని చేర్చినది. చీటిని బ్యాంకు గుమాస్తా బిగ్గరగా చదివెను. లారీ డ్రైవరు రెండవమారు చదివించుకొనెను. అందరును అడిగినది ఒక్కటే: ఆమెయే వచ్చి చెప్పరాదా? ఆమె తండ్రిగారు, పైన చెప్పిన మువ్వురిలో నొకరు, ఆ మాట విని నిర్ఘాంతపోయిరి. “ఆడపిల్ల ఆటోనగరులోనా?”

సరే, చీకటిపడిన పిమ్మట ఆ చోటికి ఆడపిల్లను పంపుట కష్టమే యనుకొందము. మే మొక ఉపాయము చెప్పితిమి. “మీ వరండా విశాలమైనది. మీరే వారిని పిలువుడు. మీ స్పీకర్లు మంచివి. మీ సతీమణిగారు కూడ విందురు.” ఆయన చాలసేపు ఏమియు మాటలాడలేదు. పిల్ల బయటికి పోవుట యొక్కటియే కష్టమైనచో మా మాటకు ఆయన సంతోషింపవలసియుండెను.

పుస్తకముల విషయమున ఇదే పట్టణము ఏమి చేసినదో తలచుకొనిన ఆశ్చర్యము కలుగును. 1911లో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఇచటనే పుట్టినది. 1935లో కృష్ణాడెల్టా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి పల్లెపల్లెకు పంపిరి. రేవున బట్టలుతుకు స్త్రీయు, చేనుగట్టున నున్న కూలియు ఆ పడవనుండి పుస్తకము నెరవు తీసికొనవచ్చును. పుస్తకమును చేతులు మార్చుటను ఉద్యమముగా చేసినవారి మనుమలు, పాటను చేతులు మార్చుటకు గ్రీజు అంటునని వెనుదీయుచున్నారు. గ్రంథాలయములలో నెలకొకనాడు ఒక గది విడిచి, ఎవరైనను తమ ఆల్బముతో వచ్చి వినిపించి మాటలాడునట్లు చేయరాదా? పాఠశాలలలో శనివారపు చివరి గంట ఇయ్యరాదా? మా తరగతిలో మేము ఇచ్చి చూచితిమి. మొదటి వారము నవ్వులాట. మూడవ వారమునకు వెనుకబల్లమీది పిల్లవాడు, సంవత్సరమంతయు నోరు విప్పనివాడు, ఏ. ఆర్. రెహమాన్ 1997లో చేసిన ‘వందేమాతరం’ ఆల్బమును తెచ్చి ముప్పావుగంట మాటలాడెను. ప్రధానోపాధ్యాయులకు ఆ గంట లెక్కల పరీక్షకు కావలసివచ్చి ఆగినది.

ఆటోనగరు కూటమివారు మొన్న వంతుల పట్టికను తిరిగి వ్రాసిరి. వచ్చు నెల రెండవ ఆదివారమునకెదుట ఆ బాలిక పేరు వ్రాసి, చోటు అను గడిని ఖాళీగా విడిచిరి. ఆ పట్టికకు ప్రతి యొకటి తీసి మేము తండ్రిగారికి పంపితిమి.